అదే రంగు మళ్ళీ కావాలంటే: విలియం పెర్కిన్ కథ

ఈ ఉగాది ప్రోగ్రామ్‌కి మా క్లబ్ వాళ్ళం అందరం ఒకే రంగు కుర్తాలు కుట్టించుకున్నాం. లేత వంకాయ రంగు బట్ట దొరికింది గానీ, దానికి సరిపోయే గుండీలు ఏ షాపులోనూ లేవు. అడిగిన రంగు వేసి గుండీలు ఇచ్చే ఒకాయనకి ఆర్డర్ పెట్టే పని నా మీద పడింది. ఆయన మొదటే చెప్పారు, ఫోటో పనికిరాదు, బట్ట ముక్కే పంపాలని.

కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను కాబట్టి ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. ఫోన్ స్క్రీన్‌కి రంగంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు. బట్ట అలా కాదు. వెలుతురులో ఉన్న ఒక్కో రంగునీ అది ఒక్కోలా వెనక్కి పంపుతుంది. అందుకే రెండు వేరువేరు డైలు ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించి, ఎండలోకి రాగానే తేడా చూపిస్తాయి. దీన్ని మెటామెరిజం అంటారు. మ్యాచింగ్ సెంటర్‌లో మా అమ్మ జాకెట్టు ముక్క పట్టుకుని గుమ్మం బయటికి వెళ్ళి చూసేది ఇందుకే. పేరు తెలియదు గానీ విషయం ఆవిడకి ఎప్పుడో తెలుసు.

గుండీలకి రంగు వేయడం చూడ్డానికి వంటలాగే ఉంటుంది. రంగు లేని గుండీల్ని బాగా వేడిగా ఉన్న డై నీళ్ళలో వేసి, కావాల్సిన షేడ్ వచ్చేదాకా ఉంచి తీస్తారు. దక్షిణ అమెరికాలో తాగువా అనే తాటి జాతి చెట్టు గింజలతో చేసే కొరోజో గుండీలు రంగుని బాగా పీలుస్తాయి. నూరేళ్ళ కిందట పాలలోని కేసిన్‌తో చేసిన గుండీల్ని కూడా ఇలాగే ముంచేవాళ్ళు. పొడి ఇన్ని గ్రాములు, వేడి ఇంత, నిమిషాలు ఇన్ని అని రాసి పెట్టుకుంటే వచ్చే నెల కూడా అదే రంగు వస్తుంది. అంటే, వచ్చే నెల కొనే పొడి కూడా ఈ నెల పొడిలాగే ఉంటుందని మన నమ్మకం. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదువుతూ పోతే విలియం హెన్రీ పెర్కిన్ దగ్గర ఆగాను.

పెర్కిన్ 1838 మార్చి 12న లండన్‌లోని షాడ్వెల్‌లో పుట్టాడు. నాన్న జార్జ్ పెర్కిన్ వడ్రంగం, ఇళ్ళ కాంట్రాక్టులు చేసేవాడు. ఏడుగురు పిల్లల్లో విలియమే ఆఖరివాడు. వాడు ఆర్కిటెక్ట్ కావాలని నాన్న కోరిక. స్కూల్లో థామస్ హాల్ అనే మాస్టారు మధ్యాహ్నం భోజనం టైమ్‌లో కెమిస్ట్రీ చెప్పేవారు. విలియం భోజనం మానేసి ఆ క్లాసులో కూర్చునేవాడు. చివరికి నాన్నే తగ్గాడు. 1853లో, పదిహేనేళ్ళకే, పెర్కిన్ రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీలో చేరాడు. అక్కడ ప్రొఫెసర్ జర్మనీ నుంచి వచ్చిన హాఫ్‌మన్. రెండేళ్ళు తిరక్కుండానే పెర్కిన్ ఆయనకి అసిస్టెంట్ అయిపోయాడు.

అప్పట్లో మలేరియాకి మందు క్వినైన్. అది సింకోనా చెట్టు బెరడు నుంచి రావాలి, ఖరీదు ఎక్కువ. దాన్ని ల్యాబ్‌లో తయారుచేయగలిగితే బాగుంటుందని హాఫ్‌మన్ అంటుండేవారు. 1856 ఈస్టర్ సెలవుల్లో పెర్కిన్ ఇంటి పై అంతస్తులో ఉన్న తన చిన్న ల్యాబ్‌లో అదే ప్రయత్నం చేశాడు. క్వినైన్ రాలేదు, ఎర్రటి మడ్డి ఒకటి వచ్చింది. అలా ఎందుకైందో చూద్దామని ఇంకా సింపుల్ పదార్థం తీసుకున్నాడు, తారు నుంచి తయారయ్యే అనిలిన్. ఈసారి నల్లటి మడ్డి. దాన్ని ఆల్కహాల్‌లో కలిపితే మాత్రం చక్కటి ఊదారంగు ద్రావణం వచ్చింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు.

ఇందులో నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. అతని అనిలిన్ స్వచ్ఛమైనది కాదు, అందులో టొలుయిడిన్ కలిసి ఉంది. అది లేకపోతే ఆ రంగు వచ్చేదే కాదు. ఇన్‌పుట్‌లో ఉన్న కల్తీ వల్లే అవుట్‌పుట్ వచ్చిందన్నమాట.

ఊదారంగు ఊరికే దొరికేది కాదు అప్పట్లో. పాతకాలంలో రోమన్ చక్రవర్తులు కట్టుకున్న ఊదా సముద్రపు నత్తల నుంచి వచ్చేది. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే కెమిస్ట్ 12,000 నత్తల నుంచి తీస్తే వచ్చిన రంగు 1.4 గ్రాములు. వేర్లు, ఆకులు, నాచులతో రంగు వేసేవాళ్ళలో మంచి పనివాళ్ళు ఉండేవారు, కంటితో చూసి షేడ్ కలిపేవారు. కానీ నేల మారినా, నీళ్ళు మారినా, వానలు మారినా ఆ కష్టమంతా మళ్ళీ మొదటి నుంచి పడాల్సిందే.

పెర్కిన్ పట్టు ముక్కకి ఆ రంగు వేసి చూశాడు. ఉతికినా, ఎండలో పెట్టినా పోలేదు. స్కాట్లండ్‌లోని పెర్త్‌లో పుల్లర్స్ అనే పెద్ద డైయింగ్ కంపెనీకి శాంపిల్ పంపాడు. బట్ట ధర మరీ పెరగకపోతే ఇది చాలా విలువైనదని వాళ్ళు జవాబు రాశారు. 1856 ఆగస్టు 26న పెర్కిన్ పేటెంట్ తీసుకున్నాడు. చదువు మానేసి ఫ్యాక్టరీ పెడతానని వెళ్ళి చెబితే హాఫ్‌మన్‌కి నచ్చలేదు. గురువు గారి మాట కాదని బయటికి వచ్చేశాడు. నాన్న జీవితాంతం కూడబెట్టిన డబ్బులో చాలాభాగం ఇందులో పెట్టాడు. అన్న థామస్ కూడా తోడొచ్చాడు. కొడుకు ఆర్కిటెక్ట్ కావాలనుకున్న మనిషి, వాడి చేతిలో ఉన్న ఒక్క సీసా ఊదారంగుని నమ్మాడు.

అసలు కష్టం ఇక్కడే మొదలైంది. 1857లో లండన్ బయట గ్రీన్‌ఫర్డ్ గ్రీన్‌లో, కాలువ ఒడ్డున ఫ్యాక్టరీ కట్టారు. అనిలిన్ టన్నుల్లో అమ్మేవాళ్ళు లేరు. బెంజీన్ కొని, నైట్రోబెంజీన్ చేసి, దాన్ని అనిలిన్‌గా మార్చుకోవాలి. కావాల్సినంత గాఢమైన నైట్రిక్ యాసిడ్ బజార్లో లేదు. చిలీ నుంచి వచ్చే సోడియం నైట్రేట్‌ని, సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని వాడి ఆ పని కానిచ్చారు. పాత్రలు కూడా తామే డిజైన్ చేసుకున్నారు. టొలుయిడిన్ పాళ్ళు మారితే వచ్చే పదార్థం కూడా మారిపోతుంది కాబట్టి ప్రతి బ్యాచ్ జాగ్రత్తగా చేయాలి. నూలు మీద రంగు నిలవడానికి ముందు టానిక్ యాసిడ్ పట్టించే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతులు డైయింగ్ వాళ్ళకి నేర్పడానికి పెర్కిన్ స్వయంగా వాళ్ళ షెడ్లకి వెళ్ళి నిలబడేవాడు. ఇదంతా ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా నిండని కుర్రాడు చేశాడు. కనిపెట్టడం కన్నా, కనిపెట్టిన దాన్ని రెండోసారి, నూరోసారి అలాగే రప్పించడం పెద్ద పని అని నాకు ఇక్కడ తెలిసింది.

ఆ రంగుకి ఫ్రెంచి వాళ్ళు ఒక పువ్వు పేరు మీదుగా మావ్ అని పిలిచిన పేరే స్థిరపడింది. ఫ్రాన్స్ మహారాణి యూజెనీకి ఆ రంగంటే ఇష్టం. 1858లో విక్టోరియా రాణి కూతురి పెళ్ళికి ఆ ఛాయ గౌనే వేసుకుంది. ఇక చూసుకోండి, లండన్ అంతా అదే ఫ్యాషన్. ఫ్యాషన్ కదా, కొన్నేళ్ళకి పోయింది. మిగతా కంపెనీలు మెజెంటా లాంటి కొత్త రంగులతో పోటీకి వచ్చాయి.

పెర్కిన్ తర్వాతి పని మన తీరం దాకా వచ్చింది. మచిలీపట్నం కలంకారీలో ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని సన్నటి వేర్లు తవ్వి తీసి, పటిక పెట్టిన బట్టని ఆ నీళ్ళలో ఉడికించేవారు. చిరివేరులో ఉన్న ముఖ్యమైన రంగు పదార్థం అలిజరిన్. యూరప్‌లో మ్యాడర్ అనే మొక్క వేరులోనూ అదే ఉంటుంది. ఈ అలిజరిన్‌ని తారు నుంచి చవగ్గా తయారుచేసే పద్ధతి పెర్కిన్ 1869లో కనిపెట్టి, జూన్ 26న పేటెంట్‌కి పెట్టాడు. జర్మన్ కెమిస్టులు జూన్ 25నే పెట్టేశారు! ఒక్క రోజు తేడా. చివరికి రెండు కంపెనీలూ మార్కెట్ పంచుకున్నాయి. పెర్కిన్ ఫ్యాక్టరీ ఆ ఏడాది 1 టన్ను, 1870లో 40 టన్నులు, 1871లో 220 టన్నులు తయారుచేసింది. ఫ్రాన్స్‌లో, హాలండ్‌లో మ్యాడర్ తోటలు పోయాయి. మన దగ్గర చిరివేరు తవ్వేవాళ్ళ పని కూడా మెల్లగా పోయింది. ఈరోజు పెడనలో కలంకారీ ఎరుపుకి చాలామంది వాడేది అలిజరిన్ పొడే.

1874లో, ముప్ఫై ఆరేళ్ళకి, పెర్కిన్ ఫ్యాక్టరీ అమ్మేసి మళ్ళీ తన ల్యాబ్‌కి వెళ్ళిపోయాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు వదిలేసిన చదువుని అలా అందుకున్నాడనుకుంటాను. మిగతా జీవితమంతా రీసెర్చ్ చేశాడు. కెమిస్ట్రీ పుస్తకాల్లో మనం చదివే పెర్కిన్ రియాక్షన్ ఆయన పేరు మీదే ఉంది. మావ్‌కి యాభై ఏళ్ళు నిండిన 1906లో సర్ బిరుదు ఇచ్చారు. మరుసటి ఏడు జూలై 14న చనిపోయాడు.

ముగ్గురు కొడుకులూ కెమిస్టులే అయ్యారు. వాళ్ళలో ఆర్థర్ జార్జ్ పెర్కిన్ మొక్కల రంగుల మీద పనిచేశాడు. 1893లో హమ్మెల్ అనే ఆయనతో కలిసి అతను పరీక్షించిన వాటిలో మన చిరివేరు ఒకటి. తండ్రి ఫ్యాక్టరీ ఏ వేరుకి గిరాకీ లేకుండా చేసిందో, అందులో ఏమేం ఉన్నాయో కొడుకు ఓపిగ్గా విడదీసి రాసిపెట్టాడు. ఆ వేరు ఏ నేలలో, ఎప్పుడు తవ్వితే ఎరుపు బాగా వస్తుందో తెలిసినవాళ్ళు మన తీరంలో తరతరాలుగా ఉండేవారు. వాళ్ళ పేర్లు నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే, ఇంట్లో తాతయ్యల్ని, నానమ్మల్ని చిరివేరు గురించి ఒకసారి అడిగి చూడండి. వాళ్ళు చెప్పింది వచ్చే సంచికకి రాసి పంపండి.