ఇంటి గడపకు డిగ్రీ తెచ్చిన రాంరెడ్డి గారు

మన సంఘ సభ్యుల్లో చాలామందిమి ఉద్యోగం దొరకగానే చదువుకు స్వస్తి చెప్పినవాళ్లమే. అటువంటివారిని తలచుకొని పనిచేసిన విద్యావేత్త ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు.

1929లో కరీంనగర్ జిల్లాలో జన్మించారు. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించారు. పంచాయతీరాజ్ ఆయన పరిశోధనాంశం. ఢిల్లీ రాజకీయాలు, దేశాల మధ్య సంబంధాలే కాదు, సర్పంచికీ బి.డి.ఓ.కీ నడుమ అధికారం ఎలా నడుస్తుందన్నదీ ఆ శాస్త్రంలో భాగమే. సమితి ఆఫీసుల్లో ఫైళ్లు మోసిన మనకు అది తెలియనిదా!

1977లో ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు దానికి తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. దేశంలో అటువంటిది అదే మొదటిది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరవచ్చునన్నారు. డిగ్రీ విలువ పడిపోతుందని పెదవి విరిచినవారూ లేకపోలేదు.

పదో తరగతితోనే పెళ్లయిన నా శ్రీమతి అలాగే చేరింది. మెట్టుగూడలో మా అద్దె ఇంట్లో, పిల్లలు పడుకున్నాక తెలుగులో అచ్చయిన పాఠాలు చదివేది. ఆదివారాలు స్టడీ సెంటరుకు వెళ్లేది. భద్రతా మండలిలో వీటో ఐదు దేశాలకే ఎందుకుండాలని వంటింట్లోంచి నన్ను నిలదీసేది. నేను పేపరు చాటున దాక్కునేవాణ్ణి. పట్టా వచ్చిన రోజున వీధంతా మిఠాయి పంచింది.

రాంరెడ్డి గారు 1985లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1991లో యు.జి.సి. అధ్యక్షులయ్యారు. 1995లో కన్నుమూశారు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి తర్వాత ఆయన పేరు పెట్టారు.