మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: పాతదానికి క్రొత్త బలము

సెలవుదినములలో బెంగుళూరు వీథులయందు పాతకాలపు మోటారుకార్లు అప్పుడప్పుడు బారులుతీరి సాగుట మనలో పలువురు చూచినదే. పాతకార్లలో కొన్నింటికి సూపర్‌ఛార్జరు అను పరికరమును కర్మాగారమందే అమర్చెడివారు. 1920 తరువాతి జర్మనీ మెర్సిడెస్ కార్లు అందుకు ప్రసిద్ధములు. ఇంజను తిరుగుటచేతనే ఈ పరికరమును తిరిగి, గాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. గాలి హెచ్చినకొలది పెట్రోలు హెచ్చుగా మండును. ఇంజను పరిమాణము పెరుగకయే బలము పెరుగును. అయితే నొక్కిన గాలి వేడెక్కును, బేరింగులు అరుగును, నూనె కారును. చిన్న పుల్లీ వేసి పరికరమును ఇంకను వేగముగా త్రిప్పగోరు నిపుణుడు, పాత ఇంజను ఆ భారమును మోయగలదో లేదో ముందుగా పరీక్షించును.

ఉన్నదానిని విస్తరింపకయే బలము చేర్చుట, చేర్చిన బలమును పాతది భరించునట్లు చూచుట అను ఈ రెండు విద్యలను రాతికట్టడమునందు చూపిన మహనీయుడొకరు మన నగరమున నివసించిరి. ఆయనయే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండం గ్రామమునుండి మైసూరు సంస్థానమునకు వలసవచ్చిన తెలుగువారు. ఆయన 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు జన్మించిరి. బాల్యమందే తండ్రి గతించెను. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుకొనుచు, బాలురకు పాఠములు చెప్పి ఖర్చులు గడుపుకొని, 1881లో బి.ఏ. పట్టమందిరి. పిమ్మట పూనాలో ఇంజనీరింగు నభ్యసించి బొంబాయి ప్రభుత్వ కొలువున చేరిరి.

పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయమున వానకాలములో వచ్చిన నీరు కొంత వృథాగా పొర్లిపోవుచుండెను. ఆనకట్టను ఎత్తుచేసినచో ఖర్చు మిక్కుటము; పాత కట్టడముపై భారమును అధికము. విశ్వేశ్వరయ్యగారు ఆలోచించి, పొర్లుకట్టపై తమంతట తామే తెరచుకొని మూసుకొను తలుపులను కల్పించి 1903లో అమర్చిరి. పూర్వపు మట్టముకంటె సుమారు 8 అడుగుల ఎత్తువరకు ఈ తలుపులు నీటిని నిలుపును. అంతకుమించి వరద వచ్చినచో తామే తెరచుకొని అదనపు నీటిని వెడలించును. వరద తగ్గగనే మరల మూసుకొనును. ఆనకట్ట పెరుగలేదు, నిలువ పెరిగెను. కట్టడమునకు ముప్పు రాకుండుటకు కాపలా సైతము ఆ తలుపులలోనే యుండెను. సూపర్‌ఛార్జరునకు హెచ్చు గాలిని వెడలించు కవాటముండుటయు ఈ సూత్రము వంటిదే. ఇట్టి తలుపులనే తరువాత గ్వాలియరు చెంతనున్న తిగ్రా ఆనకట్టకును, మన కావేరిపై కృష్ణరాజసాగరమునకును అమర్చిరి.

1908లో మూసీనది వరద హైదరాబాదును ముంచినపుడు నిజాము ప్రభుత్వము ఆయన సలహా కోరెను. ఎగువన జలాశయములు కట్టి వరదను పట్టి నిలుపుట మేలని ఆయన సూచించిరి. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఆ ఆలోచన ఫలములే. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరై, 1912 నుండి 1918 వరకు దివానుగా నుండి, 1916లో మైసూరు విశ్వవిద్యాలయ స్థాపనకును, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల స్థాపనకును కారకులైరి.

మోటారుకార్లను మనమే తయారుచేసికొనవలెనను కోరిక ఆయనకు బలముగా నుండెను. 1935లో, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, ఐరోపా అమెరికాలు తిరిగి కార్ల కర్మాగారములను చూచివచ్చిరి. బెంగుళూరున అట్టిది నెలకొల్పుటకు ప్రణాళిక సిద్ధపరచిరి. వాల్‌చంద్ హీరాచంద్ తోడ్పడిరి. కాని బ్రిటిషు ప్రభుత్వపు ఆమోదము లభింపక ఆ కార్యము నిలిచిపోయెను. వాల్‌చంద్ కార్ల సంస్థ 1944లో బొంబాయిలో వెలసెను. మన నగరమునకు దక్కినది 1940 డిసెంబరున స్థాపింపబడిన విమాన కర్మాగారము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున డకోటా విమానములు ఇచ్చటనే మరమ్మతు పొందెను. పైకి పోవుకొలది గాలి పలుచనగును గనుక వాని ఇంజనులలో సూపర్‌ఛార్జరు అంతర్భాగమై యుండెను. కారు రాలేదు గాని, ఇంజనును విప్పి శుద్ధిచేసి మరల నమ్మకముగా నడపు నేర్పు బెంగుళూరు కార్మికుల చేతికి వచ్చెను.

1955లో ఆయనకు భారతరత్న బిరుదు లభించెను. 1962 ఏప్రిల్ 14న, నూరేండ్లు నిండిన పిమ్మట, బెంగుళూరుననే పరమపదించిరి.

మనమును ఆయనవలెనే ఇంట తెలుగు మాటాడి, వీథిలో కన్నడము, కళాశాలలో ఆంగ్లము నేర్చువారము. తెలుగుబడిలో చదివిన పిల్లలు వెనుకబడుదురేమోయని తల్లిదండ్రులు కొందరు దిగులుపడుట మనము ఎరుగుదుము. మాతృభాష మన ఇంజను. ఇతర భాషలు దానికి చేర్చు బలము. ఇంజను గట్టిగా నుండనిచో చేర్చిన బలము నిలువదు. గట్టిగా నున్నచో ఎంత చేర్చినను మోయును. పాత ఆనకట్టను కూలద్రోయక, దానిపైననే 8 అడుగుల నీరు నిలిపిన మహనీయుని చరిత్ర మనకు నేర్పునది ఇదియే.