కలరా విషం గుట్టు విప్పిన శంభునాథ్ డే

కోల్‌కతా: హుగ్లీ ఒడ్డున రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్ వంటి పేటలతో కిక్కిరిసిన కలకత్తా నగరాన్ని కలరా తరతరాలుగా వణికించింది. ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1884లో ఇదే నగరంలో గుర్తించారు. అది మనిషిని ఎలా చంపుతుందో తేలడానికి మాత్రం మరో 75 ఏళ్లు పట్టింది. ఆ చిక్కుముడిని విప్పిన శాస్త్రవేత్త డాక్టర్ శంభునాథ్ డే.

ఆయన 1915 ఫిబ్రవరి 1న హుగ్లీ జిల్లాలోని గరిబాటిలో జన్మించారు. కలకత్తా వైద్య కళాశాలలో చదివి, లండన్‌లో సర్ రాయ్ కామెరాన్ వద్ద పరిశోధన చేసి 1949లో పీహెచ్‌డీ పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలో కలరాపై దృష్టి సారించారు.

కలరా విషం రక్తంలో కలిసి ప్రాణం తీస్తుందని అప్పట్లో పలువురు భావించేవారు. డే పేగునే పరీక్షించారు. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండువైపులా దారంతో బిగించి, అందులోకి సూక్ష్మజీవులను ఎక్కించారు. ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. ఈ పద్ధతిని 1953లో ప్రకటించారు. అనంతరం సూక్ష్మజీవులను పూర్తిగా వడకట్టిన ద్రవమూ అదే ఫలితాన్నిస్తుందని నిరూపించారు. 1959లో 'నేచర్' పత్రిక ఆ పరిశోధనను ప్రచురించింది.

ఆ విషం ఒక ప్రొటీన్. పేగు కణంలోకి ప్రవేశించి, సంకేతాలను చేరవేసే జీ-ప్రొటీన్‌ను మారుస్తుంది. పని ముగియగానే ఆగిపోవలసిన ఆ ప్రొటీన్ ఆగదు. కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరిగిపోయి, లవణాలు, నీరు వరదలా బయటకు పోతాయి. విశేషమేమిటంటే, ఆ విషం తాకే స్థానంలోనే జన్యుమార్పు జరిగితే కొన్ని పీయూష గ్రంథి కణితులు, మెక్‌క్యూన్-ఆల్‌బ్రైట్ వ్యాధి వస్తాయని తర్వాతి పరిశోధకులు కనుగొన్నారు. ఆగని సంకేతమే కలరాకూ, కణితికీ ఉమ్మడి సూత్రం.

డే 1973లో పదవీ విరమణ చేశారు. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆహ్వానం అందుకున్నారు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఒకటికి మించిన సార్లు ఆ బహుమతికి ప్రతిపాదించారు. స్వదేశంలో మాత్రం జీవించి ఉండగా ప్రధాన పురస్కారమేదీ ఆయనను వరించలేదు. దేశంలోని విజ్ఞాన అకాడమీలూ సభ్యత్వం ఇవ్వలేదు. 1985 ఏప్రిల్ 15న ఆయన కన్నుమూశారు. ఐదేళ్ల తర్వాత 'కరెంట్ సైన్స్' పత్రిక ఆయన స్మృతికి ప్రత్యేక సంచికను అంకితం చేసింది.