కారెల్ చాపెక్ చరిత్రము

మన తీరమునకు దక్షిణముగా, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట యున్నది. 2023 సంవత్సరము జూలై 14వ తేదీ మధ్యాహ్నమున అచ్చటినుండి చంద్రయాన్-3 ఆకాశమున కెగసినపుడు, వాకాడు మండలములోని తూపిలిపాళెము ఇసుకమీద నిలిచి మేమును కొందఱు విద్యార్థులును ఆ మంట కనుమరుగగు వఱకు చూచితిమి. ఆగస్టు 23వ తేదీని విక్రమ్ అను ల్యాండరు చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున క్షేమముగా దిగెను. దాని గర్భమునుండి ప్రజ్ఞాన్ అను నొక చిన్న బండి వాలుపలకమీదుగా నేలకు వచ్చెను. దాని బరువు 26 కిలోలు; చక్రములు ఆఱు. 4 మీటర్ల వెడల్పుగల గుంట యొకటి యెదురుకాగా, భూమిమీది శాస్త్రజ్ఞుల యాజ్ఞచే అది మఱలి వేఱుదారి పట్టెనని విని, మా బాలురు తమ తోడి పిల్లవాడెవడో ఆపద తప్పించుకొనినట్లు సంతోషించిరి.

ఆ దినములలో నొక చిన్న విద్యార్థి మాయొద్దకు వచ్చి, రోబోటను మాటకు తెలుగున నర్థమేమని యడిగెను. యంత్రమని చెప్పి పంపివేసితిమి. ఆ యుత్తరము సరికాదని తరువాత తెలిసికొంటిమి. ఆ మాట పుట్టిన భాషలో దాని మూలమునకు అర్థము వెట్టి. ఆ మాటను లోకమునకు వినిపించినవాడు కారెల్ చాపెక్ అను చెక్ రచయిత. ఆయన చరిత్రమును ఈ సంచికలో వ్రాయుట ఆ బాలునికి మేము బాకీపడిన యుత్తరమును చెల్లించుటయే.

కారెల్ చాపెక్ 1890 సంవత్సరము జనవరి 9వ తేదీని, బొహీమియా దేశపు ఈశాన్యభాగమున నొక పల్లెలో జన్మించెను. ఆ దేశము అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి వైద్యుడు. తల్లి పల్లెజనుల కథలను, పాటలను సేకరించుటయందు ప్రీతి గలది. హెలీనా అను అక్కయు, యోసెఫ్ అను అన్నయు ఆయనకు తోబుట్టువులు. యోసెఫ్ ఆయనకంటె సుమారు మూడేండ్లు పెద్ద. అన్నదమ్ములిద్దఱును చిన్ననాటినుండి యొకరినొకరు ఎడబాయక పెరిగిరి. అన్న చిత్రకారుడును, తమ్ముడు రచయితయు నైరి. తొలినాటి రచనలను పెక్కింటిని ఇద్దఱును కలిసియే వ్రాసిరి.

ఉన్నత పాఠశాలలో చదువుచుండగా కారెల్ విద్యార్థుల రహస్య సంఘమొకదానిలో చేరుటచే ఆ పాఠశాలను విడువవలసి వచ్చెను. పాఠశాల పత్రికలో ఈ సంగతి వ్రాయవచ్చునా యని మేము కొంత సంశయించితిమి. కాని దాచిన చరిత్రము చరిత్రము కాదుగదా. ఆయన వేఱొక పట్టణమునకు పోయి చదువు కొనసాగించి, ప్రేగ్, బెర్లిను, పారిసు నగరముల విశ్వవిద్యాలయములలో తత్త్వశాస్త్రము నభ్యసించి, 1915లో డాక్టరు పట్టమును పొందెను. యౌవనముననే వెన్నెముకకు వ్యాధి సోకి, మెడను సులభముగా త్రిప్పలేని స్థితి కలిగెను. అందుచేతనే మొదటి ప్రపంచ యుద్ధమున ఆయనను సైన్యములో చేర్చుకొనలేదు. ఆ బాధ జీవితాంతము విడువలేదు. అట్టి దేహముతోనే ఆయన 1917 మొదలుకొని పత్రికారచయితగా పనిచేయుచు, కథలును, నవలలును, నాటకములును వ్రాసెను.

1920లో ఆయన ఆర్. యు. ఆర్. అను నాటకమును ప్రకటించెను. ఒక ద్వీపములో నొక కర్మాగారము. అందు మనుష్యులను పోలిన పనివాండ్రను తయారుచేసి దేశదేశములకు అమ్ముదురు. వారికి బాధలేదు, కోరికలేదు, అలసట లేదు. చెప్పిన పని చేయుటయే వారి జీవితము. వారు ఇనుముతోను చక్రములతోను చేయబడినవారు కారు; జీవపదార్థము వంటి దానితో నిర్మింపబడినవారు. ఈ పనివాండ్రకు పేరు కావలసివచ్చెను. శ్రమ అను నర్థము గల లాటిను మాటనుండి యొక పేరును కారెల్ కల్పించెను గాని, అది పుస్తకములవాసన కొట్టుచున్నదని ఆయనకే తోచెను. అన్నయొద్దకు పోయి చెప్పగా, చిత్రము వ్రాయుచు కుంచెను నోట కఱచుకొనియున్న యోసెఫ్, అట్లయిన వారిని రోబోటులని పిలువుమని గొణిగి తన పనిలో తాను మునిగెను.

చెక్ భాషలో రోబోట యనగా, భూస్వామి పొలమున రైతు కూలిలేక విధిగా చేయవలసిన చాకిరి. ఆస్ట్రియా సామ్రాజ్యమున అది 1848లో రద్దయ్యెను. తెలుగు పల్లెలకు ఆ సంగతి వివరింపనక్కఱలేదు. వెట్టిచాకిరి యన్న మాట విన్నంతనే మన పెద్దల ముఖములు మాఱును. మన దేశమున వెట్టిని నిషేధించు చట్టము 1976లో వచ్చినది.

నాటకములో కథ యిట్లు నడచును. పనియంతయు రోబోటులే చేయుటచే మనుష్యులకు చేయుటకేమియు మిగులదు. క్రమముగా వారికి బిడ్డలు పుట్టుటయు నిలిచిపోవును. తుదకు రోబోటులు తిరుగబడి మనుష్యజాతిని రూపుమాపును. ఒక్కనిని మాత్రము బ్రతుకనిచ్చును. అతడు కట్టడపు పనులను చూచు ఆల్క్విస్టు. అతనిని విడిచిపెట్టుటకు కారణము, అతడు తమవలెనే చేతులతో పనిచేయువాడగుటయే. కథ చివర నొక యువక రోబోటును ఒక యువతి రోబోటును, ఒకరికి బదులు ఒకరు చచ్చుటకు ముందుకు వత్తురు. అప్పుడు ఆల్క్విస్టు వారిలో ప్రేమ పుట్టినదని గ్రహించి, లోకము మఱల ఆరంభమగునని తలచి వారిని పంపివేయును.

1921 జనవరి 25వ తేదీని ప్రేగ్ నగరపు జాతీయ నాటకశాలలో ఈ నాటకము ప్రదర్శింపబడెను. 1922లో న్యూయార్కును, 1923లో లండనును దీనిని చూచినవి. కొలది సంవత్సరములలోనే రోబోటను మాట ప్రపంచభాషలలో చేరిపోయెను. ఇంత కీర్తి వచ్చిన పిమ్మట కారెల్ చేసిన పని మాకు నాటకముకంటెను గొప్పదిగా తోచుచున్నది. 1933లో తాను పనిచేయుచుండిన పత్రికలోనే, ఆ మాట తనది కాదనియు, దానిని కల్పించినవాడు తన యన్న యోసెఫ్ అనియు బహిరంగముగా వ్రాసెను. ఎవ్వరును ఆయనను నిలదీయలేదు. ఊరకుండినచో ఆ పేరు ఆయనకే దక్కియుండెడిది. పైగా, కుంచెను నోట బెట్టుకొని గొణిగిన యొక్క మాటకు ఎవడు లెక్క చెప్పును? ఆయన చెప్పెను.

రోబోటులను ఇనుపబొమ్మలుగా లోకము భావించుట చూచి ఆయన 1935లో పత్రికాముఖమున తన యసమ్మతిని తెలిపెను. కాని మాట ఆయన చేయిదాటి పోయినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము జపానువారు రేకుతో చేసి, తాళముచెవి త్రిప్పిన నడచు రోబోటు బొమ్మలను దేశదేశములకు పంపిరి. ఆ జపానులోనే తెజుకా ఒసాము అను చిత్రకారుడు 1952లో ఒక రోబోటు బాలుని బొమ్మలకథను ఆరంభించెను. 1963లో ఆ బాలుడు టెలివిజనులో కదలు బొమ్మయై కనబడెను. 1977లో వచ్చిన స్టార్ వార్స్ చలనచిత్రమున ఆర్-టూ డీ-టూ అను పీపావంటి చిన్న రోబోటు, మనుష్యభాష పలుకలేక, ఈలలతోనే మాటలాడుచు, నక్షత్రములనడుమ తన యజమానుల వెంట నడచెను. 2008లో వచ్చిన వాల్-ఈ అను బొమ్మల చిత్రములో, మనుష్యులు విడిచిపోయిన భూమిమీద చెత్తనెత్తుచు నొక చిన్న రోబోటు ఒంటరిగా మిగిలియుండును. మనుష్యులో, అంతరిక్ష నౌకలో కుర్చీలనుండి లేవక, యంత్రములచే సేవలు పొందుచుందురు. చాపెక్ నాటకమునకు ఇది దగ్గఱి చుట్టమని మాకు తోచినది. మన యిండ్లలో పిల్లలు చూచు డోరేమాన్ అను పిల్లియు రోబోటే.

భయము గొలుపుటకు పుట్టిన మాట పిల్లల చెలికాని పేరెట్లయ్యెను? ఆయన జీవితమును పరికించిన వారికి ఇది వింత గాదు. చాపెక్ చిన్నప్రాణుల చెలిమి నెఱిగినవాడు. 1933లోనే ఆయన దాషెంకా అను తన కుక్కపిల్ల చరిత్రమును పిల్లలకై వ్రాసి, తానే బొమ్మలు గీసి, ఛాయాచిత్రములు తీసి చేర్చెను. అన్న యోసెఫ్ కూడ కుక్కపిల్లయు పిల్లియు కలిసి కాపురము చేయు కథలను పిల్లలకు చెప్పెను. ఎదుటి ప్రాణిని తోడుగా నెంచినచో ప్రేమ పుట్టును. వెట్టివానిగా నెంచినచో వినాశము పుట్టునని ఆ నాటకపు తాత్పర్యము. మన దేశపు శాస్త్రజ్ఞులు వ్యోమనౌకలో పంపుటకై నిర్మించి 2020లో చూపిన స్త్రీరూపపు రోబోటునకు వ్యోమమిత్ర యని పేరిడిరి. వెట్టి యను మాట నూఱేండ్లకు మిత్రమను మాటతో జతపడుట చూడ నా యన్నదమ్ములు సంతోషించియుందురు.

వారి తుదిదినములు దుఃఖకరములు. 1938 సెప్టెంబరులో మ్యూనిక్ ఒడంబడికచే చెకొస్లొవేకియా సరిహద్దు ప్రాంతములు హిట్లరు వశమాయెను. నియంతలను నిర్భయముగా విమర్శించిన చాపెక్‌కు దేశము విడిచిపొమ్మని మిత్రులు చెప్పిరి, ఆయన పోలేదు. ఆ శీతకాలమున జబ్బుపడి, ఊపిరితిత్తుల వాపుతో 1938 డిసెంబరు 25వ తేదీని క్రిస్మసు దినమున కన్నుమూసెను. ఆయన వయస్సు 48 సంవత్సరములు. 1939 మార్చిలో ప్రేగ్ నాక్రమించిన జర్మనుల రహస్య పోలీసులు ఆయనను పట్టుకొనుటకు వచ్చి, ఆయన అంతకుమునుపే మరణించెనని తెలిసికొనిరి. యోసెఫ్ మాత్రము వారికి చిక్కెను. 1939 సెప్టెంబరు 1వ తేదీని ఆయనను బంధించి, ఒక శిబిరమునుండి మఱియొక శిబిరమునకు త్రిప్పిరి. యుద్ధము ముగియుటకు కొలది వారములముందు, 1945 ఏప్రిలులో, బెర్గెన్-బెల్సెన్ శిబిరమున ఆయన యసువులు బాసెను. వెట్టి యను మాటనుండి రోబోటునకు పేరు తీసినవాడు వెట్టిశిబిరములలోనే యంతరించుట చరిత్రము చేసిన క్రూరమైన పని.

విద్యార్థులారా, ఇప్పుడు మీ చేతిలోనే రోబోటునకు తోబుట్టువు వంటి యంత్రము లున్నవి. అడిగిన క్షణమున వ్యాసము వ్రాసి యిచ్చును; లెక్క చేసి యిచ్చును. వానిని చూచి భయపడుమని మేము చెప్పము. ప్రజ్ఞాన్ వలె అవి మనము పోలేని చోటికి పోయి మనకు వార్త తెచ్చును. కాని రెండు సంగతులను మఱువకుడు. పనియంతయు ఒరులకు అప్పగించిన లోకమున మిగిలినవాడు, తన చేతులతో ఇటుక పేర్చుట మానని ఆల్క్విస్టు ఒక్కడే. ఇక యంత్రము వ్రాసిన వ్యాసముక్రింద మీ పేరు పెట్టబోవునపుడు, ఒక్క చిన్న మాటకు సయితము అది నాది కాదు, మా యన్నది యని లోకమెదుట ఒప్పుకొనిన తమ్ముని తలచుకొనుడు.

మాకు ప్రశ్న వేసిన యా బాలుడు ఇప్పుడు పై తరగతిలోనున్నాడు. అతడీ పుటను చదివి, మొదట మేమిచ్చిన యుత్తరమును క్షమించునని నమ్ముచున్నాము.