హైమన్‌డార్ఫ్ - గోండుల అక్షరాభ్యాసం

ఉర్దూ, తెలుగు భాషలలో విద్యాభ్యాసం చేస్తున్న మనకు మాతృభాషలో తొలి అక్షరం దిద్దడం సహజమైన విషయంగా తోస్తుంది. ఆదిలాబాదు అడవులలోని గోండులకు ఒకనాడు ఆ భాగ్యం లేదు. వారికి వారి భాషలోనే చదువు చెప్పించిన ఆచార్య క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ జీవితాన్ని సంగ్రహంగా స్మరించుకొందాం.

ఆయన 1909లో వియన్నా నగరంలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి, 1936-37లో నాగా కొండలలో పరిశోధన సాగించారు. 1939లో రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు ఆయన భారతదేశంలో ఉన్నారు. జర్మన్ పాస్‌పోర్టు కలిగి ఉన్నందున బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడిగా పరిగణించి, హైదరాబాదు రాజ్యం దాటరాదని ఆంక్ష విధించింది. ఆ ఆంక్షే ఆయనను చెంచుల వద్దకు, కొండరెడ్ల వద్దకు, చివరకు గోండుల వద్దకు చేర్చింది. సతీమణి బెట్టీ ఆ ప్రయాణాలలో ఆయనకు తోడుగా నిలిచారు.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము అసువులు బాసిన పిమ్మట, ఆ తిరుగుబాటుకు గల కారణాలను పరిశీలించే పనిని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయి గ్రామంలో గోండుల నడుమ నివసించి వారి కష్టాలను తెలుసుకొన్నారు. తరతరాలుగా దున్నుకొంటున్న భూమికి వారి వద్ద పట్టా లేదు. ప్రభుత్వ వ్యవహారం ఉర్దూలో సాగేది. గోండు ఇంట మాట్లాడేది గోండి. తాను వేలిముద్ర వేసిన కాగితంలో ఏమున్నదో తెలియని రైతు తన పొలాన్ని ఎట్లు నిలుపుకొనగలడు?

అందుచేత 1943లో మార్లవాయిలో గోండు విద్యాపథకం ఆరంభమైంది. గోండులలో చదువుకొన్నవారే అరుదు గనుక తొలుత ఉపాధ్యాయులనే తయారుచేయవలసి వచ్చింది. మరాఠీ అక్షరాలు కొద్దిగా తెలిసిన యువకులను చేరదీసి, వారికి శిక్షణనిచ్చి, తమ గూడేలకే పంతుళ్ళుగా పంపారు. గోండి ద్రావిడ భాష అయినప్పటికీ, వారికి పరిచయమున్న దేవనాగరి లిపిలోనే వాచకాలు సిద్ధమైనాయి. నోట పలికే మాటనే కంటితో చూచి గుర్తించడం వలన చదువు వారికి పరాయిదిగా తోచలేదు. మరోవైపు, హైమన్‌డార్ఫ్ ప్రభుత్వ సలహాదారుగా గోండులకు పట్టాలు ఇప్పించడానికి కృషి చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగానూ పనిచేశారు.

అయితే ఆ ప్రయత్నం చిరకాలం నిలువలేదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత బడులలో తెలుగు బోధనాభాష అయినది. గోండి వాచకాలు మూలపడినాయి. లండన్‌లో ఆచార్య పదవి నుండి 1976లో విరమించిన తరువాత కూడా ఆయన ఈ గూడేలకు వచ్చారు. ఎన్నో భూములు మళ్ళీ పరుల పాలైనట్లు చూచి, 1982లో వెలువరించిన గ్రంథంలో ఆ ఆవేదనను పొందుపరచారు. అక్షరంతో పాటు చట్టం అమలు కూడా అవసరమని ఆ అనుభవం తెలుపుతున్నది.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూయగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో ఆమె చెంతనే ఉంచారు. నేడు వయోజన విద్య కోసం పలకా బలపమూ పట్టుకొని గిరిజన గూడేనికి వెళ్ళేవారు, ముందుగా ఆ గూడెం మాట నేర్చుకొని వెళ్ళడమే ఆ దంపతులకు మనం చెల్లించగల నివాళి.