యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) భారతదేశానికి చెందిన వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. బోదకాలు వ్యాధికి వాడే డై ఇథైల్ కార్బమజైన్ (డి.ఇ.సి.), పిల్లల రక్తకాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ అనే మందులు ఈయన నేతృత్వంలో జరిగిన పరిశోధనల ఫలితాలు. మొదటిది పరాన్నజీవిపై పోరాటానికి, రెండవది మూలకణ మార్పిడి జరిగిన పిల్లల రక్షణకు నేటికీ ఉపయోగపడుతున్నాయి.

బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. అందువలన ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించడం ఈయన మనసుపై చెరగని ముద్ర వేసింది.

అమెరికాలో పరిశోధనలు

భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి అమెరికా వెళ్ళిన సుబ్బారావు మరల తిరిగి రాలేదు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల వైద్యం అభ్యసించాడు. ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1929లో కండరాల శక్తికి మూలమైన ఎ.టి.పి.ని వారు వెల్లడించారు. హార్వర్డులో స్థిరమైన పదవి లభించకపోవడంతో 1940లో లెడర్లీ సంస్థలో చేరి, అక్కడ పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు. 1945లో ఈయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులలో కలిగే రక్తహీనతకు ఇది మందుగా ఉపయోగపడింది.

బోదకాలు వ్యాధి

బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిమి దోమకాటు ద్వారా వ్యాపిస్తుంది. దీని పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, రాత్రివేళ మాత్రమే చర్మానికి దగ్గరగా ఉన్న రక్తంలోకి వస్తాయి. అందుచేత ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ వెళ్ళి రక్తపు చుక్క సేకరించవలసి ఉంటుంది. 1947లో లెడర్లీలో వెలువడిన డి.ఇ.సి. (వ్యాపార నామం హెట్రజాన్) ఈ క్రిములను నశింపజేస్తుంది. స్వల్ప మోతాదులో ఇస్తే పగటిపూట కూడా క్రిములు రక్తంలోకి వస్తాయి కనుక రోగ నిర్ధారణకు కూడా వాడారు.

2004లో భారతదేశంలో ఈ మాత్రలను సామూహికంగా పంపిణీ చేసే కార్యక్రమం ప్రారంభమైంది. బోదకాలు ఉన్నట్లు గుర్తించిన జిల్లాలలో తెలంగాణలోని నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు.

పిల్లల రక్తకాన్సరు, మూలకణ మార్పిడి

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమైనోటెరిన్‌ను కూడా ఈ బృందమే తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగా వ్యాధి తగ్గింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. తరువాత దాని స్థానంలో మెథోట్రెక్సేట్ వాడుకలోకి వచ్చింది.

ఇతరుల మూలకణాలను పిల్లలకు ఎక్కించినపుడు, ఆ కణాలు శరీరంపై దాడి చేయకుండా మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో ఇస్తారు. అయితే ఇటువంటి చికిత్సల వలన రోగనిరోధక శక్తి తగ్గి, శరీరంలో అణగి ఉన్న టాక్సోప్లాస్మా వంటి పరాన్నజీవులు విజృంభించవచ్చు. ఆ స్థితిలో శరీరం ప్రతిరక్షకాలను సరిగా తయారు చేయలేదు కాబట్టి వాటిని వెదికే రక్తపరీక్షలు తప్పుదారి పట్టించవచ్చు. అందువలన పరాన్నజీవి జన్యుపదార్థాన్నే గుర్తించే పి.సి.ఆర్. పరీక్ష చేస్తారు. వట్టికాళ్ళతో మట్టిలో నడిచినపుడు చర్మం గుండా ప్రవేశించే స్ట్రాంగిలాయిడిస్ క్రిమి ఉందేమో మార్పిడికి ముందే పరీక్షించడం మేలు.

మరణం, గుర్తింపు

ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగష్టులో, సుబ్బారావు తన 53వ ఏట న్యూయార్కులో మరణించాడు. ప్రచారానికి దూరంగా ఉండడం వలన ఈయన పేరు జీవితకాలంలో పెద్దగా వినబడలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఈయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరు మీదుగా సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు.