బెర్లిన్‌లో చదివిన హైదరాబాదు బిడ్డ

రాజనీతిశాస్త్రము చదివే విద్యార్థులు ఏటేటా మమ్ములను ఒక ప్రశ్న అడుగుతుంటారు. రాజకీయము నేర్వవచ్చిన వారికి దానితోపాటు భాషను కూడ మోయవలసిన అగత్యమేమిటని వారి సందేహము. కమిటీ పెద్దలలో సైతం కొందరికి ఈ సందేహము లేకపోలేదు. వాదనకు దిగుటకంటె ఒక జీవితమును చూపుట మేలని తలచి, మన నగరమున పుట్టి భారత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి చదువును గూర్చి ఇక్కడ ముచ్చటిస్తున్నాము. పదవులను గూర్చి కాదు, చదువును గూర్చియే.

వారు 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారిది ఉత్తరప్రదేశ్‌లోని ఖాయింగంజ్‌కు చెందిన పఠానుల కుటుంబము. ఇక్కడ న్యాయవాద వృత్తిలో రాణించిన తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు 1907లో కన్నుమూయగా, పదేండ్ల బాలుడు తల్లితో, సోదరులతో ఖాయింగంజ్‌కు మరలిపోయారు. ఇటావాలో హైస్కూలు, ఆపైన అలీగఢ్. 1920లో గాంధీజీ, అలీ సోదరులు అక్కడికి వచ్చి ప్రభుత్వ సహాయముపై నడిచే విద్యాలయములను విడువవలసినదిగా పిలుపునిచ్చారు. అప్పటికి ఎం.ఏ. చదువుతూ పాఠములు కూడ చెప్పుతున్న జాకిర్ సాహెబు నిశ్చింతగా సాగగల ఉద్యోగ జీవితమును వదలుకొని బయటికి నడిచారు. ఆ అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా వెలసింది.

రెండేండ్లు జామియాలో బోధించి 1922లో జర్మనీకి ప్రయాణమయ్యారు. ఆ రోజులలో మన దేశమున ఉన్నత విద్య అనగానే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, లండన్ పేర్లే వినిపించేవి. పాలకుల సహాయమే వలదని కళాశాల విడిచిన వ్యక్తి ఆ పాలకుల దేశమునకే పట్టా కొరకు పోయిన ఏమి శోభ? ఆ ఎంపికలోనే రాజకీయమున్నదని మా అభిప్రాయము. అయితే దానికి చెల్లించవలసిన మూల్యము కూడ ఉన్నది. ఇరువది అయిదేండ్ల వయసులో ఒక కొత్త భాషను అక్షరముల నుండి నేర్చి, అందులోనే అర్థశాస్త్ర ఉపన్యాసములు విని, అందులోనే సిద్ధాంత వ్యాసము వ్రాయవలెను.

బెర్లిన్ నగరము అప్పుడెట్లున్నదో విద్యార్థులు ఊహించుకొనవలెను. యుద్ధములో ఓడిన దేశము, కొత్తగా ఏర్పడిన గణతంత్రము. 1923 నవంబరు నాటికి ఒక్క అమెరికను డాలరు ఖరీదు 4,20,000 కోట్ల మార్కులు! జీవితకాలపు పొదుపు ఒక రొట్టెముక్కకు చాలని స్థితి. రాజ్యము బలహీనమైనప్పుడు నాణెము ఏమగునో, నాణెము చెడినప్పుడు రాజ్యము ఏమగునో ఆ వీధులలోనే కనిపించేది. ఆ ఊరి పత్రికలు చదవగలవారికి జర్మన్ భాషయే ఒక రాజనీతి పాఠ్యపుస్తకము.

పెట్టుబడిదారీ వ్యవస్థ చరిత్రకారుడుగా పేరొందిన వెర్నర్ జోంబార్ట్ అక్కడి ఆచార్యులలో ఒకరు. 1926లో జాకిర్ సాహెబు డాక్టరేటు పొందినది మరేదో దూరపు విషయముపై కాదు. బ్రిటిషు ఇండియా వ్యవసాయ వ్యవస్థపై. మన రైతును గూర్చి జర్మన్ భాషలో వ్రాశారన్నమాట. అంతకు ముందే, 1924లో, ఒక జర్మన్ మిత్రునితో కలసి గాంధీజీ సందేశమును ఆ భాషలో గ్రంథముగా వెలువరించారు.

ఇక మాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము. బెర్లిన్‌లో కావియానీ ముద్రణాలయమని ఇరానీయులది ఒకటుండేది. 1925లో జాకిర్ సాహెబు మీర్జా గాలిబ్ దివాన్‌ను అక్కడ ముచ్చటైన చిన్న ప్రతిగా అచ్చు వేయించారు. వేయించుటే కాదు, స్వయముగా అచ్చుపని నేర్చి అక్షరములు కూర్చారు. పగలు జోంబార్ట్, సాయంత్రము గాలిబ్! పరాయి భాషలో మునిగినకొలది మాతృభాషపై మమకారము తగ్గునని భయపడేవారు ఈ సంగతిని గమనించవలెను.

ఆ జర్మన్ భాష వలన ఉర్దూకు కలిగిన ఫలము మరొకటున్నది. ఫ్రెడ్రిక్ లిస్ట్ వ్రాసిన జాతీయ అర్థశాస్త్ర గ్రంథమును వారు ఉర్దూలోనికి అనువదించారు. ఇంగ్లీషు గ్రంథములు స్వేచ్ఛా వాణిజ్యమే సర్వజనులకు మేలని బోధిస్తుంటే, ఆలస్యముగా మేల్కొన్న దేశపు శైశవ పరిశ్రమలకు కొంతకాలము రక్షణ కావలెనని లిస్ట్ వాదించాడు. ఇంగ్లీషు కిటికీ ఒక్కటే తెరచి ఉంచుకొన్న వారికి ఈ రెండవ దృశ్యము అంత సులభముగా అందదు.

వారు అక్కడ ఉండగనే ఇక్కడ జామియా చితికిపోయింది. 1924లో ఖిలాఫత్ రద్దు కాగా నిధులు ఎండిపోయినవి. మూసివేయవలెనను మాట పుట్టింది. జాకిర్ సాహెబు, వారి సహాధ్యాయులు ఆబిద్ హుస్సేన్, ముజీబ్ గారలు తాము సేవకు సిద్ధముగా ఉన్నామని, తాము వచ్చువరకు మూయవలదని జర్మనీ నుండి తంతి పంపారు. 1926లో ముగ్గురూ వచ్చారు. 1928లో జామియా ఉపాధ్యాయులు ఇరువది ఏండ్లపాటు నెలకు 150 రూపాయలకు మించని వేతనముపై పనిచేయుదుమని ప్రతిజ్ఞ చేశారు. అంతైనా అందని నెలలు ఎన్నో. జర్మన్ డాక్టరేటుకు లభించిన ధర అది!

1937లో వార్ధాలో గాంధీజీ ప్రాథమిక విద్యా ప్రణాళికను వారి అధ్యక్షతన గల సంఘమునకే అప్పగించారు. చేతిపని ద్వారా చదువు అనునది గాంధీజీ రాట్నములో ఎంత ఉన్నదో, మ్యూనిక్ పాఠశాలలను సంస్కరించిన కెర్షెన్‌స్టైనర్ బోధలలోనూ అంత ఉన్నది. జాకిర్ సాహెబు రెండింటినీ ఎరిగినవారు. ఆ ప్రణాళికను ముస్లిం లీగు తీవ్రముగా నిరసించింది. నిందలో అధిక భాగము వారిపైననే పడింది. అయినను 1946 నవంబరులో జామియా రజతోత్సవమునకు నెహ్రూ, జిన్నా గారలను ఒకే వేదికపైకి రప్పించగలిగినది వారే. ఆ నెలలలో దేశము మండుతున్నదన్న సంగతి మరువరాదు.

తరువాతి పదవులు పాఠ్యపుస్తకములలో ఉన్నవి. 1967 మే 13న రాష్ట్రపతియై, 1969 మే 3న ఆ పదవిలోనే పరమపదించి, జామియా ఆవరణలో ఖననమయ్యారు. బెర్లిన్‌లో వారికి పరిచయమైన యూదు వనిత గెర్డా ఫిలిప్స్‌బోర్న్, హిట్లరు అధికారమునకు వచ్చిన కాలమున ఢిల్లీ చేరి, జామియా చిన్నపిల్లల బడిలో పనిచేసి, 1943లో మరణించారు. ఆమె సమాధి కూడ జామియా శ్మశానవాటికలోనే ఉన్నది.